ఓటర్లు తక్కువ, ఓట్లు ఎక్కువ: మీ ప్రశ్నలకు మా జవాబులు

బ్రిటిష్ వలస రాజ్యాల్లో వందా డెబ్భై ఏళ్ళ కిందట జరిగిన ఎన్నికల ఫలితాలు, అంటే ఏ నియోజకవర్గంలో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో చూపించే ఆ పొడుగాటి పట్టికలు, ఓపిగ్గా చదివేవాళ్ళు మనవాళ్ళలో ఇంతమంది ఉన్నారని ఉత్తరాలు చూస్తే గానీ తెలియలేదు. ఎక్కువ భాగం ఆస్ట్రేలియా వలసల ఎన్నికల గురించే. విడివిడిగా జవాబిస్తే చెప్పిందే చెప్పాల్సి వస్తుంది కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వీటికే వదిలేశాం.

ప్రశ్న: మేం సిడ్నీ పక్కన పారమట్టాలో ఉంటున్నాం. న్యూ సౌత్ వేల్స్ శాసనసభకు 1856లో జరిగిన మొదటి ఎన్నికల ఫలితాలు చూస్తుంటే లెక్క తేలడం లేదు. సిడ్నీ సిటీలో అభ్యర్థులందరి ఓట్లూ కూడితే ఓటేసిన మనుషుల కంటే చాలా ఎక్కువ వస్తోంది. అప్పట్లోనూ రిగ్గింగేనా?
(ఒక పాఠకుడు, సిడ్నీ)

జవాబు: రిగ్గింగ్ కాదండీ, రూలే అంత. అప్పుడు సిడ్నీ సిటీ అంతా ఒకటే నియోజకవర్గం, దానికి నలుగురు సభ్యులు. కాబట్టి ఒక్కో ఓటరుకి నాలుగు ఓట్లు. నాలుగూ ఒకే మనిషికి గుద్దేయడానికి లేదు, ఒక్కొక్కరికి ఒక్కటే. అందుకే మీరు కూడింది ఓట్ల సంఖ్య, ఓటర్లది కాదు. మరి నాలుగుతో భాగిస్తే సరిపోతుందా అంటే అదీ కుదరదు, ఎందుకంటే నాలుగూ వాడి తీరాలన్న నియమం లేదు. గడుసు ఓటరు తనకి కావలసిన ఒక్కడికే ఓటు వేసి మిగతా మూడూ వదిలేస్తాడు. మిగతావాళ్ళకి వేస్తే తనవాడికి పోటీ పెంచినట్టే కదా! దీన్ని అక్కడ ప్లంపింగ్ అనేవాళ్ళు. పట్టికలో ఎంతమంది ప్లంపింగ్ చేశారో విడిగా చూపిస్తే తప్ప అసలు మనుషులు ఎంతమంది వచ్చారో ఓట్ల మొత్తం నుంచి వెనక్కి లెక్కగట్టలేం.

ఈ పద్ధతిలో ఇంకో తమాషా ఉంది. నలుగురు కలిసి ఒక జట్టుగా దిగితే, వాళ్ళ అభిమానులు నాలుగు ఓట్లూ ఆ నలుగురికే వేస్తారు, సగం కంటే కాస్త ఎక్కువ బలం ఉంటే చాలు, నాలుగు సీట్లూ వాళ్ళవే. 1856లో సిడ్నీలో జరిగిందదే. చార్లెస్ కౌపర్, హెన్రీ పార్క్స్, రాబర్ట్ క్యాంప్‌బెల్, జేమ్స్ విల్‌షైర్ జట్టుగా ప్రచారం చేసి నలుగురూ గెలిచారు. ఓడినవాడు సామాన్యుడేం కాదు, జాన్ ప్లంకెట్, ఏళ్ళ తరబడి ఆ వలసకి అటార్నీ జనరల్‌గా చేసినవాడు, 1838లో మయాల్ క్రీక్ దగ్గర ఆదివాసులను ఊచకోత కోసిన తెల్లవాళ్ళను కోర్టుకీడ్చి ఉరిశిక్ష పడేదాకా వదలని మనిషి. జట్టులో లేడు, పోయాడు. మీ పారమట్టాకి రెండు సీట్లు ఉండేవి, హెన్రీ వాట్సన్ పార్కర్, జార్జ్ ఓక్స్ గెలిచారు. ఆ పార్కరే అదే ఏడాది అక్టోబరులో ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, అయ్యాడు. మొత్తం సభలో 54 మంది, నియోజకవర్గాలు మాత్రం 34.

ఇది మనకి తెలియని పద్ధతి అనుకోకండి. మన దేశంలో 1952, 1957 ఎన్నికల్లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు చాలానే ఉండేవి, ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు, ఓటరుకి రెండు ఓట్లు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఏమైందో ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వి.వి. గిరి గారు, అప్పటికే నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా చేసి వచ్చినవారు, అక్కడ జనరల్ సీటుకి నిలబడ్డారు. రూలు ప్రకారం ముందు గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు సీటు ఇచ్చి, ఆ తర్వాత మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళకి జనరల్ సీటు ఇవ్వాలి. ఆ లెక్క వేస్తే రెండో సీటు కూడా గిరిజన అభ్యర్థి డిప్పల సూరి దొరకే వచ్చింది, గిరి గారు 565 ఓట్లతో వెనకబడ్డారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1959లో కోర్టు సూరి దొర ఎన్నిక సరైనదే అని తేల్చింది. 1961లో చట్టం చేసి ఈ ఇద్దరు సభ్యుల పద్ధతే ఎత్తేశారు. గిరి గారు 1969లో రాష్ట్రపతి అయ్యారనుకోండి, అది వేరే కథ.

ప్రశ్న: చాలా నియోజకవర్గాల ఎదురుగా ఓట్ల అంకె అసలు లేదు, గెలిచినవాడి పేరు మాత్రం ఉంది. రికార్డులు పోయాయా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: పోలేదండీ. అక్కడ పోలింగే జరగలేదు. సీట్లు ఎన్నో అభ్యర్థులూ అంతమందే ఉంటే మనకి ఇప్పుడు పంచాయతీల్లో అయినట్టే ఏకగ్రీవం. కానీ అప్పటి నామినేషన్ అంటే ఇప్పటిలా ఆఫీసులో కాగితం ఇచ్చి, డిపాజిట్ కట్టి, ఫొటో దిగి రావడం కాదు. ఊరి మధ్యలో ఒక చెక్క వేదిక కట్టేవాళ్ళు. రిటర్నింగ్ అధికారి ఎన్నిక ఉత్తర్వు చదువుతాడు, ఒకరు లేచి పేరు ప్రతిపాదిస్తారు, ఇంకొకరు బలపరుస్తారు, అభ్యర్థి ఉపన్యాసం మొదలుపెడతాడు, కింద నుంచి కేకలు, ఈలలు, అడ్డు ప్రశ్నలు. అందరి ఉపన్యాసాలూ అయ్యాక అధికారి చేతులెత్తమంటాడు. ఎత్తిన చేతుల్లో ఓటు హక్కు ఉన్నవి ఎన్నో లేనివి ఎన్నో ఎవరికి తెలుసు, గుంపును చూసి ఫలానా వాళ్ళు గెలిచారని చెప్పేస్తాడు. ఓడినవాడు ఒప్పుకోక పోలింగ్ కావాలని అడిగితేనే మరో రోజు ఓట్లు వేయించడం. అడగకపోతే అక్కడితో అయిపోయినట్టే, పట్టికలో అంకె ఉండదు.

ఆ అంకె లేని గళ్ళలో కొన్ని గట్టి కథలున్నాయి. పక్క వలస విక్టోరియాలో పీటర్ లేలర్ పేరు వెతకండి. 1854 డిసెంబరు 3న బల్లరాట్ బంగారు గనుల దగ్గర యురేకా స్టాకేడ్‌లో లైసెన్సు ఫీజు మీద తిరగబడ్డ గని కూలీలకు నాయకుడతను. సైన్యం కాల్పుల్లో చెయ్యి పోయింది, ప్రభుత్వం అతని తల మీద 200 పౌండ్ల వెల పెట్టింది. ఏడాది తిరక్కుండా, 1855 నవంబరులో, అదే బల్లరాట్ నుంచి శాసన మండలికి పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. 1856లో కొత్త శాసనసభకి నార్త్ గ్రెన్‌విల్ నుంచి మళ్ళీ పోటీ లేకుండానే. ఒక్క ఓటూ పడని ఈ రెండు ఎన్నికలూ నాకు వేల మెజారిటీల కంటే ఎక్కువ చెబుతాయి.

ప్రశ్న: ఒకే ఎన్నికల్లో ఒక్కో చోట ఒక్కో తేదీ ఎందుకుంది? ఒకే మనిషి పేరు మూడు చోట్ల ఎందుకు కనిపిస్తోంది?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: రెండో ప్రశ్నకి జవాబు మొదటి దాంట్లోనే ఉంది. 1856 ఎన్నికలు మార్చి 11న మొదలై ఏప్రిల్ 19 దాకా సాగాయి. సిడ్నీలో మార్చి 13నే అయిపోయింది. ఒక చోట ఓడినవాడు ఇంకో చోట అదృష్టం చూసుకోవచ్చు. పైన చెప్పిన ప్లంకెట్ గారు సిడ్నీలో ఓడినా అదే ఎన్నికల్లో ఆర్గైల్ నుంచీ, బాథర్స్ట్ కౌంటీ నుంచీ గెలిచి సభకి వెళ్ళారు. రెండు చోట్ల గెలిస్తే ఒకటి వదలాలి, అక్కడ ఉప ఎన్నిక. అందుకే అసలు ఫలితాల వెనకే వరసగా ఉప ఎన్నికలు కనిపిస్తాయి. మంత్రి పదవి తీసుకున్నవాడు కూడా మళ్ళీ తన నియోజకవర్గానికి వెళ్ళి గెలిచి రావాల్సిందే, ఆ రోజుల్లో అదొక రూలు. ఆ ఉప ఎన్నికలూ వీటిలో కలుస్తాయి.

తేదీలు వేరు కావడం వల్ల అభ్యర్థులకే కాదు, ఆస్తిపరులకీ లాభమే. నాలుగు నియోజకవర్గాల్లో భూములుంటే నాలుగు చోట్లా ఓటు. తేదీలు వేరు కాబట్టి గుర్రం ఎక్కి తిరిగి వేసుకోవచ్చు. ఇది న్యూ సౌత్ వేల్స్‌లో 1893 చట్టం వచ్చేదాకా పోలేదు. ఆ చట్టం తర్వాతే ఒక మనిషికి ఒకే ఓటు, 125 ఒంటి సభ్యుల నియోజకవర్గాలు, 1894 జూలై 17న ఒకే రోజు పోలింగ్. అంతకు ముందరి పట్టికల్లో ఓట్ల మొత్తం చూసి 'ప్రజల తీర్పు' అనేసేవాళ్ళని చూస్తే నాకు కొంచెం చిరాకు.

ప్రశ్న: పార్టీ పేర్లు ఎందుకు లేవు?
(ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: పార్టీలే లేవు కనక. వ్యక్తుల చుట్టూ గుంపులు, సభలో రోజుకో తీరు. స్టువర్ట్ డోనల్డ్‌సన్ 1856 జూన్‌లో మొదటి ప్రీమియర్ అయ్యాడు, ఆగస్టులో దిగిపోయాడు, కౌపర్ వచ్చాడు, అక్టోబరుకి పార్కర్. ఒక్క ఏడాదిలో ముగ్గురు! ఫ్రీ ట్రేడ్ (దిగుమతి సుంకాలు వద్దనేవాళ్ళు), ప్రొటెక్షనిస్ట్ (కావాలనేవాళ్ళు) అన్న ముద్రలు 1887 నాటికి గానీ పట్టికల్లో గట్టిగా కనపడవు. లేబర్ వాళ్ళు 1891లో మొదటిసారి దిగి 141లో 35 సీట్లు కొట్టారు. 1850ల నాటి పట్టికలో ఎవరి పక్కనైనా లిబరల్ అనో కన్సర్వేటివ్ అనో ఉంటే దాన్ని పార్టీ టికెట్ అనుకోకండి, మనిషి మొగ్గు ఎటో చెప్పే గుర్తు అంతే.

ప్రశ్న: మెల్‌బోర్న్ 1848 ఫలితంలో అర్ల్ గ్రే అన్న పేరుంది. లండన్‌లో వలసల మంత్రి కూడా ఆయనే కదా, అచ్చుతప్పా?
(ఒక పాఠకుడు, మెల్‌బోర్న్)

జవాబు: అచ్చుతప్పు కాదు, అచ్చమైన పొగరు. అప్పటికి మెల్‌బోర్న్, దాని చుట్టూ ఉన్న పోర్ట్ ఫిలిప్ ప్రాంతం న్యూ సౌత్ వేల్స్‌లో భాగం, శాసన మండలి ఉన్నది సిడ్నీలో. ఇక్కడ సభ్యుడిగా గెలిచినవాడు వ్యాపారం, సంసారం వదిలేసి నెలల తరబడి అంత దూరంలో కూర్చోవాలి. అక్కడ మాట నెగ్గేది లేదు, ఇక్కడి పన్నులు అక్కడ ఖర్చవుతున్నాయన్న కడుపుమంట వేరే. విడిగా వలస కావాలని ఏళ్ళుగా అడుగుతున్నారు. చివరికి 1848 జూలైలో, మా తరఫున కూర్చునేవాడు ఎలాగూ ఉండడు, ఉండనివాణ్ణే ఎన్నుకుంటాం అని ఇంగ్లండ్‌లో ఉన్న సాక్షాత్తూ వలసల మంత్రినే అభ్యర్థిగా నిలబెట్టారు. గ్రేకి 295 ఓట్లు, ఎదురు నిలిచిన ఫోస్టర్‌కి 102. ఆ రెండు అంకెలు చూశారా, మెల్‌బోర్న్ పట్నం మొత్తం కలిపి నాలుగు వందలు కూడా కావు! ఓటు ఎంత కొద్దిమందికి ఉండేదో దీన్ని బట్టే ఊహించుకోండి. ఆ మంత్రిగారు సభకి రాలేదని వేరే చెప్పక్కర్లేదు. పోర్ట్ ఫిలిప్ 1851 జూలై 1న విక్టోరియా పేరుతో విడిపోయింది.

ప్రశ్న: రహస్య ఓటు పుట్టింది ఆస్ట్రేలియాలోనే అంటారు, నిజమేనా? అప్పుడు మార్కు ఎలా పెట్టేవాళ్ళు?
(ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మాస్టారూ, మనం ఇప్పుడు చూసే రూపంలో అక్కడే. ప్రభుత్వమే అచ్చు వేయించిన కాగితం, దాని మీద అభ్యర్థులందరి పేర్లు, ఎవరూ చూడకుండా అడ్డుతెర ఉన్న గదిలో వేయడం, ఇవన్నీ కలిపి చట్టంగా చేసింది విక్టోరియా, 1856 మార్చి 19న. రెండు వారాలకే, ఏప్రిల్ 2న, సౌత్ ఆస్ట్రేలియా. విక్టోరియాలో తీర్మానం పెట్టింది విలియం నికల్సన్, చట్టం ముసాయిదా పని చేసింది హెన్రీ చాప్‌మన్. మిగతా లోకం దీన్ని ఆస్ట్రేలియన్ బ్యాలెట్ అనే పిలిచింది. బ్రిటన్‌కి 1872 దాకా రాలేదు, పిల్ల నడిచాక తల్లి లేచిందన్నమాట.

మార్కు సంగతి: విక్టోరియాలో నచ్చినవాడికి గుర్తు పెట్టడం కాదు, నచ్చనివాళ్ళ పేర్లు కొట్టేయాలి. మిగిలినవాడికి ఓటు. పైగా కాగితం వెనక ఓటరు జాబితాలోని నంబరు వేసేవాళ్ళు, వివాదం వస్తే ఎవరిది ఏ కాగితమో తీయొచ్చని. అంటే రహస్యమే, కానీ తాళంచెవి ప్రభుత్వం దగ్గర! పేరు పక్కన గడిలో ఇంటూ గుర్తు పెట్టే పద్ధతి సౌత్ ఆస్ట్రేలియాది, విలియం బూత్‌బీ అనే ఎన్నికల అధికారి తెచ్చాడు, చివరికి ఎక్కువ దేశాలకి పాకిందీ అదే. న్యూ సౌత్ వేల్స్ 1858 చట్టంతో రహస్య ఓటు తెచ్చుకుంది, కాబట్టి 1856 పట్టికనీ 1859 పట్టికనీ పక్కపక్కన పెట్టి 'ఫలానా ఊరు మనసు మార్చుకుంది' అనడం కష్టం. మొదటి దాంట్లో ఎవరు ఎవరికి వేశారో జమీందారుకీ షావుకారుకీ తెలిసిపోయేది. పైగా రెండు ఎన్నికల్లో ఓటర్లు కూడా ఒకే జనం కాదు. 1856లో 100 పౌండ్ల ఆస్తో, ఏడాదికి 10 పౌండ్ల అద్దె ఇల్లో, 100 పౌండ్ల జీతమో, అలాంటి అర్హత ఏదో ఒకటి ఉండాలి. 1859 నాటికి 21 దాటిన మగవాళ్ళు చాలామంది వచ్చి చేరారు, సభ్యుల సంఖ్య 54 నుంచి 80కి పెరిగింది, తిరుగుడు బతుకు బతికే బంగారు గనుల వాళ్ళకి గోల్డ్‌ఫీల్డ్స్ నార్త్, సౌత్, వెస్ట్ అని మూడు ప్రత్యేక నియోజకవర్గాలు కూడా పెట్టారు.

ప్రశ్న: ఆ రోజుల్లో వలసల్లో ఉన్న భారతీయులకి ఓటు ఉండేదా? మా ముత్తాతల తరం వాళ్ళు కొందరు దక్షిణాఫ్రికాలోని నాటల్ చెరుకు తోటలకి కూలీలుగా వెళ్ళారని ఇంట్లో చెప్పుకుంటారు.
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: అమ్మా, కాగితం మీద ఉన్నా చేతికి అందినవాళ్ళు చాలా తక్కువ. మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది, అలా మొదలైన వలసలో మన తెలుగువాళ్ళు చాలామంది వెళ్ళారు. నాటల్‌లో ఓటు కావాలంటే 50 పౌండ్ల స్థిరాస్తి గానీ, ఏడాదికి 10 పౌండ్ల అద్దె కట్టే ఇల్లు గానీ ఉండాలి. ఒప్పంద కూలీకి అది ఎక్కడ సాధ్యం? గాంధీగారు 1895లో రాసిన కరపత్రంలో ఓటరు జాబితా లెక్క ఇచ్చారు: తెల్లవాళ్ళు 9,309 మంది, భారతీయులు 251 మంది. ఆ 251 మందిని చూసే భయపడ్డారు! 1893లో నాటల్‌కి స్వపరిపాలన వచ్చింది, మరుసటి ఏడాదే భారతీయుల ఓటు తీసేసే బిల్లు వచ్చింది. గాంధీగారు ఇంచుమించు 10,000 సంతకాలతో లండన్‌కి అర్జీ పంపితే ఆ బిల్లు ఆగింది గానీ, 1896లో అదే పని దొంగదారిన చేశారు. చట్టంలో భారతీయులన్న మాటే లేదు, పార్లమెంటరీ ఓటు మీద నడిచే ఎన్నికల సంస్థలు ఇంతవరకూ లేని దేశాల నుంచి వచ్చినవాళ్ళకీ, వాళ్ళ సంతతికీ ఓటు లేదని రాశారు. మన దేశంలో అలాంటి సంస్థలు పెట్టనివ్వంది వాళ్ళే, లేవని ఓటు తీసేసిందీ వాళ్ళే.

క్వీన్స్‌లాండ్ అంత నాజూగ్గా కూడా పోలేదు. అక్కడి 1885 ఎన్నికల చట్టం ఆస్ట్రేలియా ఆదివాసులతో పాటు ఇండియా, చైనా, దక్షిణ సముద్ర దీవుల వాళ్ళ పేర్లు వరసగా రాసి, సొంత భూమి ఉంటే తప్ప జాబితాలో ఎక్కించేది లేదంది.

ప్రశ్న: ఆడవాళ్ళ ఓట్లు ఏ పట్టిక నుంచి లెక్కలోకి వస్తాయి?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: న్యూజిలాండ్‌లో 1893 నవంబరు 28న. చట్టం మీద సంతకం పడింది సెప్టెంబరు 19న, మధ్యలో ఉన్నది సరిగ్గా పది వారాలే, అయినా 1,09,461 మంది పేర్లు నమోదు చేయించుకుని 90,290 మంది వచ్చి వేశారు. సౌత్ ఆస్ట్రేలియాలో 1896 ఏప్రిల్ నుంచి. కానీ వీటికి ముందే విక్టోరియాలో ఒక పొరపాటు జరిగింది. 1863 చట్టంలో మున్సిపల్ పన్ను జాబితాలో ఉన్న 'వ్యక్తులందరికీ' ఓటు అని రాసేశారు. ఇంటిపన్ను కట్టే ఆడవాళ్ళు కూడా వ్యక్తులే కదా, 1864లో దర్జాగా వచ్చి వేశారు. 1865లో నాలుక్కరుచుకుని చట్టం సవరించారు.

ప్రశ్న: 1859 న్యూ సౌత్ వేల్స్ పట్టికలో బ్రిస్బేన్, ఇప్స్‌విచ్ ఉన్నాయి. 1860 పట్టికలో లేవు. ఎందుకు?
(ఒక పాఠకుడు, బ్రిస్బేన్)

జవాబు: మీ ఊరు వేరే వలసలోకి వెళ్ళిపోయింది. తమాషా ఏమిటంటే, ఆ ఎన్నికలు 1859 జూన్ 9న మొదలయ్యాయి, క్వీన్స్‌లాండ్‌ని విడదీసే పత్రం మీద విక్టోరియా రాణి సంతకం జూన్ 6నే పడింది. ఆ కబురు ఓడలో వస్తోంది, జూలై దాకా అందలేదు. ఈలోగా అక్కడ నామినేషన్లు, ఉపన్యాసాలు, పోలింగ్ అన్నీ యథాతథంగా నడిచాయి. డిసెంబరు 10న క్వీన్స్‌లాండ్ ప్రకటన వెలువడగానే ఆ సీట్లు రద్దు, సిడ్నీ సభ 80 నుంచి 72కి తగ్గింది. పాపం ఆ సభ్యులు గట్టిగా ఆరు నెలలు కూడా కూర్చోలేదు.

ప్రశ్న: అయితే గెలిచిన సభ్యులకి ఎన్నికల ఖర్చన్నా తిరిగొచ్చేదా? జీతం ఎంత?
(ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: సున్నా. న్యూ సౌత్ వేల్స్‌లో ఎమ్మెల్యేలకి జీతం 1889లో మొదలైంది, ఏడాదికి 300 పౌండ్లు.